ఉతకని చొక్కా

ఆ ఏడు బంగాళాదుంపలు తవ్వడం అయిపోయిన మర్నాటి నుంచే నేను ఇల్లు కడగడం మొదలుపెట్టాను. కడగమని ఎవరూ చెప్పలేదు, కడగాల్సినంత మురికీ లేదు. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర పనిచేస్తుంది, బుర్ర పనిచేస్తే ఐవింద్ గుర్తొస్తాడు. అందుకని కడిగాను. ఫిబ్రవరిలో కొండ మీంచి దుంగలు దించుతుంటే మంచుపెళ్ళ విరిగి మీదపడి నా మొగుడు ఐవింద్ పోయాడు. మా పెళ్ళయి అప్పటికి రెండేళ్ళయినా నిండలేదు. ఆ తర్వాత ఆ కొండవాలు ఇంట్లో మిగిలింది ఇద్దరమే, నేనూ మా మామగారు బ్రిన్యుల్వూ. ఆవులు నాలుగు ఉండేవి. ఇద్దరమూ ఎక్కువగా వాటితోనే మాట్లాడేవాళ్ళం, అదీ విడివిడిగా.

మామగారు గొర్రెల్ని దించుకురావడానికి కొండెక్కిన మూడు రోజుల్లో గోడలు, గడపలు, పాలగిన్నెలు, పెట్టెలు అన్నీ సోడా నీళ్ళతో రుద్ది పారేశాను. నా చేతులు ఉడికించిన పీతల్లా ఎర్రబడ్డాయి. చివర్న అటకెక్కితే అక్కడ మేకుకి ఒక చెక్కదండ వేలాడుతోంది. వేలెడేసి చెక్కముక్కలు ఒకదానిలో ఒకటి దూర్చి గుండ్రంగా కలిపిన దండ. ఏ తాతలనాటివాడో చలికాలమంతా కూర్చుని చెక్కి ఉంటాడు. ముక్కల సందుల నిండా మట్టిరంగుగా ఏదో అట్టకట్టి ఉంది. ఎలుకలు పాడుచేశాయనుకున్నాను. వేణ్ణీళ్ళలో సోడా వేసి మధ్యాహ్నం దాకా నానబెట్టి, బ్రష్షుతో తోమి, సందు సందుకీ చాకుమొన పెట్టి గీకాను. ముక్కల మీద చెక్కిన చిన్న చిన్న పువ్వులు బయటపడ్డాయి. నా పనితనానికి నేనే మురిసిపోయి, దాన్ని ఎక్కడిదక్కడ తగిలించాను.

నేను సముద్రం ఒడ్డు పిల్లని. మా దీవిలో చేపల్ని ఉప్పెయ్యడం తెలుసు, ఎండబెట్టడం తెలుసు. బీరు కావాలంటే మా నాన్న పడవేసుకుని పట్నం పోయి సీసాలు తెచ్చుకునేవాడు. అది ఇళ్ళల్లో పుడుతుందని ఈ లోయకొచ్చాకే తెలిసింది. వచ్చాక కూడా నా చేత నీళ్ళు మోయించారు తప్ప, అసలు సంగతి తండ్రీకొడుకులే పొయ్యింటి తలుపు వేసుకుని చూసుకునేవారు.

అంత కడిగినా ఇంట్లో ఉతకనిది ఒక్కటి మిగిలింది, ఐవింద్ చొక్కా. నీలం చారల మందపాటి చొక్కా, బీరు కాచేటప్పుడు అదే వేసుకునేవాడు. పూడ్చిపెట్టి వచ్చిన రోజు సాయంత్రం పొయ్యింట్లో మేకుకి కనిపిస్తే తెచ్చి నా పెట్టె అడుగున దాచుకున్నాను. దానికి పొగ వాసన, బీరు నీళ్ళలో వేసి మరిగించే జునిపెర్ పొద కొమ్మల వాసన, చెమట వాసన, వాటన్నిటి మీదా నారింజ తొక్కల వాసన ఉండేది. క్రిస్మస్‌కి తెచ్చిన నారింజలు ఒలిచి చేతులు దానికే తుడుచుకుని ఉంటాడనుకున్నాను. ఏదైనా చొక్కాకి తుడుచుకోవడం అతనికి పాడలవాటు. వాసన అయిపోతుందేమోనని భయంగా ఉండేది. అందుకని ఆదివారం ఆదివారం మాత్రం తీసి, ఒక్కసారి మొహానికి ఆనించుకుని, మళ్ళీ మడతపెట్టేసేదాన్ని.

మా చెల్లెలు దీవి నుంచి ఉత్తరం రాసింది. ఇక ఆ కొండల్లో నీకేం పని, క్రిస్మస్ అవగానే వచ్చెయ్, చేపల డబ్బాల ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారు అని. దానికి నేను అవుననీ రాయలేదు, కాదనీ రాయలేదు.

నవంబరు మధ్యలో, గొర్రెల్ని కోసి మాంసం ఉప్పులో పెట్టేశాక, ఒక పొద్దున గంజి తాగుతూ మామగారు నోరు విప్పారు.

"అమ్మాయ్, క్రిస్మస్ బీరు ఈసారి మనిద్దరమే కాయాలి."

"నాకేం తెలుసు మామయ్యా? నీళ్ళు మోయడం తప్ప ఇంకేం చేశాను నేను?"

"నీళ్ళే మొయ్యి. మిగతాది నేను చూసుకుంటాను. బార్లీ మొలకెత్తించి ఎండబెట్టేశాను కూడా. ఈస్టు ఉంది కదా, అదుంటే చాలు."

"ఈస్టు ఎక్కడుంది?"

"అటక మీద. చెక్కదండ చూళ్ళేదూ? మా ముత్తాత చెక్కిందది. దాని సందుల్లో మట్టిలాగా ఎండిపోయి ఉంటుందే, అదే మన ఇంటి ఈస్టు." చెంచా పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తూ అన్నారు. "పోయినసారి నా చేతులు వణుకుతున్నాయని వాడే తొట్టిలో ముంచి తీసి ఆరబెట్టాడు. వాడి చేత్తో చేసిందాంట్లో మిగిలింది అదొక్కటే ఇక."

 చేతిలో కాఫీకూజా ఉంది కాబట్టి దాన్నే గట్టిగా పట్టుకున్నాను. పాలలో తోడు వేస్తే పెరుగు తోడుకున్నట్టు, బార్లీ కాచిన తీపినీళ్ళలో ఈస్టు వేస్తేనే అవి పొంగి బీరవుతాయి. బీరయ్యాక అడుగున పేరుకున్న మడ్డిలో దండ ముంచి ఆరబెడితే మళ్ళీ ఏడాది దాకా అందులో ఈస్టు ప్రాణంతోనే ఉంటుంది. ఈ లోయలో ఏ ఇంటి ఈస్టు ఆ ఇంటిది, ఏ ఇంటి బీరు రుచి ఆ ఇంటిది. ఇవన్నీ ఆ పొద్దున ఆయనే చెప్పారు. ఫిబ్రవరి నుంచి ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. మాట్లాడుతున్నంతసేపూ ఆయన మొహం తేటగా ఉంది. కడిగేశానని చెప్పకుండా ఆయన గిన్నెలో ఇంకాస్త గంజి పోశాను.

ఆ మధ్యాహ్నమే కిందింటి హెర్బోర్గ్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ మొగుడు పోయి పదేళ్ళు, నోరు మాత్రం ఇద్దరి పెట్టు.

"దండ కడిగావా? దేంతో, సోడాతోనా?"

"సోడాతోనే అక్కా."

"సందుల్లో కూడానా?"

"చాకుతో గీకాను."

"ఓసి నీ శుభ్రం మండా! రెండొందల ఏళ్ళుగా ఏ కోడలికీ రాని బుద్ధి నీకెలా వచ్చిందే పిల్లా?" అని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, నా మొహం చూసి ఆపి, కుర్చీలో కూలబడింది. "బ్రిన్యుల్వ్‌కి తెలుసా?"

తెలియదని తల ఊపాను.

"మాదైతే కొట్లో కొన్న ఈస్టు. కాగితంలో చుట్టి ఇస్తారు, రొట్టెల్లోనూ అదే, బీర్లోనూ అదే. దాంతో కాస్తే మీ మామ పందులకి పోస్తాడు. ఏరు దాటి మిక్కెల్ దగ్గరికి వెళ్ళు. యుద్ధం అయిపోయిన ఏడు అతను మీ ఇంటి నుంచే తీసుకెళ్ళాడు. ఇంకా ఉందేమో చూడు. కానీ పిల్లా, ముందు మీ మామకి చెప్పెయ్."

"చెప్పలేనక్కా."

"అయితే నీ ఇష్టం."

మిక్కెల్ ముసలి బ్రహ్మచారి. పలకరించే మనిషి దొరికితే వదలడు. రెండు గంటలు తన కీళ్ళనొప్పుల గురించీ, చచ్చిపోయిన గుర్రం గురించీ చెప్పాకే నేలమాళిగలోంచి జాడీ తెచ్చాడు. ఈస్టు అడిగినవాళ్ళకి లేదనకూడదు, ఎందుకని అడగకూడదు, అది ఇక్కడి పద్ధతి. అందుకని నా పరువు దక్కింది.

"తీసుకెళ్ళమ్మా, తీసుకెళ్ళు. మీ ఇంటి బిడ్డేగా, పుట్టింటికి వెళ్తోంది" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

జాడీని కోటు లోపల పెట్టుకుని ఇంటికొచ్చాను. మామగారు ఆవుల దగ్గర ఉన్న సమయం చూసి దండని ఆ మడ్డిలో ముంచాను. పొయ్యి పైన అలమరలో బట్టలచాటున రెండ్రోజులు ఆరబెట్టి అటక మీద తగిలించాను. దూరం నుంచి చూస్తే అచ్చం పాతదానిలాగే ఉంది. నేనింత దొంగనని అప్పటిదాకా నాకూ తెలియదు.

డిసెంబరు మొదటి శనివారం, బీరు కాచడానికి ముందు తోడు లేపి చూసుకుందామన్నారు మామగారు. ఎండిన ఈస్టుని తిన్నగా పెద్ద తొట్టిలో వెయ్యరు. గుప్పెడు బార్లీ కాచి, ఆ తీపినీళ్ళు చెక్కగిన్నెలో గోరువెచ్చగా చల్లార్చి, అందులో కాసింత వేసి పొంగుతుందో లేదో చూస్తారు. ఆ గిన్నె పొంగితేనే తొట్టి సంగతి. ఆయన హుషారుగా ఉన్నారు. నీళ్ళు కాగుతుంటే ఐవింద్ ఐదేళ్ళప్పుడు బీరుతొట్టిలో తలకిందులుగా పడిన సంగతి చెప్పి, తనే నవ్వి, దగ్గుకున్నారు.

తర్వాత దండ చేతిలోకి తీసుకుని గడప మీద వెలుగులో కూర్చున్నారు. ఒక ముక్కని గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఇంకో ముక్క గీకారు. చిన్న పెచ్చు నాలిక మీద వేసుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నారు.

"ఇది మిక్కెల్ ఇంటిది" అన్నారు. "పులిసిపోయింది కూడాను. వాడికి జాడీ కడగడం ఎన్నడూ చేతకాదు."

నేను పొయ్యిలో కట్టె ఎగదోశాను.

"మనది ఏమైంది అమ్మాయ్?"

"కడిగేశాను మామయ్యా."

"ఎప్పుడు?"

"మీరు గొర్రెల కోసం వెళ్ళినప్పుడు. మురికనుకున్నాను."

తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన దండని అటూ ఇటూ తిప్పి, ఒక పువ్వు మీద బొటనవేలితో రాసి, నా చేతిలో పెట్టారు. "ఈ ఏడు బీరు లేదు" అన్నారు. తన గదిలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ లోయలో తోమస్ పండుగ నాటికి, అంటే క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు, ప్రతి ఇంట్లోనూ బీరు తయారై ఉండాలి. ఇరుగుపొరుగు వచ్చి రుచి చూస్తారు. బీరు లేని ఇల్లంటే చావు జరిగిన ఇల్లయినా అయి ఉండాలి, తాళం వేసిన ఇల్లయినా అయి ఉండాలి. మాది మొదటిది ఎలాగూ అయింది, ఇక రెండోది కావడమే తరువాయి. ఆ సాయంత్రం మా చెల్లెలికి వస్తున్నానని రాసి కవరులో పెట్టాను. కవరు అతికించాక ఇంట్లో గడియారం చప్పుడొక్కటే మిగిలింది. మామగారి గదిలోంచి దగ్గు వినిపిస్తే, ఫరవాలేదు, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు అనుకున్నాను. అంత ఒంటరిగా నేను ముందెప్పుడూ లేను, సముద్రంలో చిన్నపడవ మీద ఉన్నప్పుడు కూడా.

మర్నాడు ఆదివారం. ఆవుల పని చేసుకుని వచ్చి, నా వాటా నాది కదా అని పెట్టె తెరిచి చొక్కా తీశాను. మొహానికి ఆనించుకుంటే చెంపకి ఏదో గీసుకుంది. జేబు కింద గుడ్డ అట్టలా బిరుసుగా ఉంది. వేలితో తడిమితే మట్టిరంగు పెచ్చు ఒకటి ఊడి నా ఒళ్ళో పడింది. దండ సందుల్లోంచి నేను చాకుతో గీకిపారేసిన రంగే అది.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన డిసెంబరులో నేను నీళ్ళబిందెతో పొయ్యింటి తలుపు తోసుకుని వెళ్ళేసరికి, ఐవింద్ తొట్టిలోంచి మడ్డి కారుతున్నదేదో ఎత్తుతున్నాడు, అది ఈ దండేనని నాకప్పుడు తెలియలేదు. మోచేతుల దాకా మడ్డి. నన్ను చూసి నవ్వి, రెండు చేతులూ చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఏమయ్యా, తుడుచుకోవడానికి గుడ్డే దొరకలేదా నీకు?"

"ఉతికేదానివి నువ్వు ఉన్నావుగా!" అన్నాడు.

ఇంటి ఈస్టు దొరికిందని సంతోషపడ్డానని రాయాలని ఉంది. అబద్ధం. నాకు ముందు కలిగింది కోపం. చొక్కాని నీళ్ళలో ముంచితే ఆ వాసన ఇక ఉండదు. బీరు నాకెందుకు? ఎవడి బీరు? నాకు ఆ చొక్కా కావాలి. మడతపెట్టి పెట్టెలో పెట్టి మూత వేసి, మూత మీద కూర్చున్నాను. గోడ అవతల మామగారు దగ్గారు. చాలాసేపు అలాగే కూర్చుని, లేచి, కత్తెర తెచ్చుకుని, మడ్డి అంటిన కుడిచేతి చివరి పట్టీ ఒక్కటే కత్తిరించాను. ఒక్క పట్టీతో పోయేదేముందిలే అనుకున్నాను.

సోమవారం బార్లీ కాచి గిన్నెలో పోసి వేలు పెట్టి చూశాను. గోరువెచ్చగానే అనిపించింది. పట్టీ వేశాను. చిన్నప్పటి నుంచీ మంచునీళ్ళలో చేపలు శుభ్రం చేసిన వేళ్ళు నావి, వాటికి వేడీ చలీ సరిగ్గా తెలియవు. అది గోరువెచ్చన కాదు, చెయ్యి కాలేంత వేడి. సాయంత్రానికి గిన్నెలో తెల్లగా వెలిసిన గుడ్డముక్క తప్ప ఏమీ లేదు. ఒకసారి కడిగి చంపాను, ఇంకోసారి కాల్చి చంపాను.

మంగళవారం ఎడమచేతి పట్టీ. ఈసారి పసిపిల్లలకి నీళ్ళు చూసినట్టు మోచెయ్యి ముంచి చూశాను. మాకు పిల్లల్లేరు, ఆ చూడటం కూడా ఊహించి చూసిందే. రెండు బుడగలు వచ్చాయి. గిన్నె దగ్గరే కూర్చుని అల్లిక పని చేసుకుంటూ సాయంత్రం దాకా చూశాను. మూడో బుడగ రాలేదు.

బుధవారం మిగిలింది ముందుభాగం, జేబు కింద అట్టకట్టిన చోటు. నేను మొహం ఆనించుకునే చోటు కూడా అదే. మళ్ళీ బార్లీ కాచి గిన్నెలో పోసి, చొక్కాని బల్ల మీద పరిచి కత్తెర పెట్టాను గానీ చెయ్యి రాలేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో ఏమో, వెనక నేల కిర్రుమంది. మామగారు గుమ్మంలో ఉన్నారు, సాక్సులతో, జుట్టు చెదిరి.

చొక్కా దాచడానికి టైము లేదు.

"అది నీ దగ్గరుందని తెలుసు" అన్నారు.

"ఎలా తెలుసు?"

"పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు దానికోసమే నేనూ పొయ్యింటికి వెళ్ళాను. మేకు ఖాళీగా ఉంది."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేదానివి. అందుకే అడగలేదు." బల్ల దగ్గరికి వచ్చి, అట్టకట్టిన చోట వేలు పెట్టి చూశారు. "వాడికి చేతులు తుడుచుకునే పాడలవాటు. దీని మీద ఈస్టు ఉంటుందని నాకు శనివారమే తట్టింది. కోపంతో పడుకోలేదు అమ్మాయ్. నీ మొహం చూస్తే ఇమ్మని నోరు జారతానేమోనని గోడవైపు తిరిగాను."

నాలుగు రోజులు గోడకి ఆ పక్కన ఆయన, ఈ పక్కన నేను, ఒకే చొక్కా గురించి ఆలోచిస్తూ గడిపామన్న మాట. నాకు ఏడుపొచ్చింది. ఫిబ్రవరి నుంచీ రాని ఏడుపు బార్లీ గిన్నె ముందు వచ్చింది. ఆయన నన్ను ఓదార్చలేదు, ఆయనకి అది చేతకాదు. గిన్నెలో మోచెయ్యి ముంచి, "చల్లారిపోయింది ఇది. పితికిన పాలంత వెచ్చగా ఉండాలి. తెలియకపోతే పోయి ఆవునడుగు" అన్నారు.

నిజంగానే వెళ్ళి గిన్నెడు పాలు పితుక్కొచ్చాను. ఒక మోచెయ్యి పాలలో, ఒక మోచెయ్యి బార్లీ నీళ్ళలో పెట్టి, రెండూ ఒకటయ్యేదాకా వేణ్ణీళ్ళు కలిపాం. తర్వాత నేనే కత్తిరించాను. మామగారు ఆ ముక్క తీసుకుని ఒక్కసారి మొహానికి ఆనించుకున్నారు. నేను కిటికీవైపు తిరిగాను. నా చేతికి ఇచ్చాక నేను మాత్రం వాసన చూడలేదు, చూస్తే ముంచలేనని తెలుసు. ముంచేశాను.

గిన్నెకి గొర్రెతోలు చుట్టి పొయ్యి పక్కన పెట్టి, జబ్బుమనిషి మంచం దగ్గర కూర్చున్నట్టు చెరో పక్కనా కూర్చున్నాం. ఆయన కాఫీ అడిగారు, పెట్టాను. మధ్యాహ్నమైంది. కిటికీలో వెలుగు ఇంకా ఉండగానే, గిన్నెలోంచి చిటపటమని సన్నటి చప్పుడు వచ్చింది. తోలు విప్పి చూశాను. అంచుల చుట్టూ తెల్లటి నురగ పట్టింది. చూస్తుండగానే మధ్యకి పాకింది.

"వచ్చింది" అన్నారు మామగారు.

వంగి వాసన చూశాను. నారింజ తొక్కలు. క్రిస్మస్ నారింజలు కావవి, ఏడాది పొడుగునా నేను ఐవింద్‌దని దాచుకున్న వాసనలో సగం ఈ గిన్నెలో ఉంది. మామగారికి చెబితే, "మన ఈస్టుకి ఆ వాసన ఉంటుంది. మా నాన్న దగ్గరా అదే వాసన వచ్చేది" అన్నారు.

శుక్రవారం రాగికాగు నిండా జునిపెర్ కొమ్మలు వేసి నీళ్ళు మరిగించాం, బార్లీ నానబెట్టాం, వడకట్టాం. నీళ్ళతో పాటు ఈసారి అన్నీ నేనే మోశాను. సాయంకాలానికి తొట్టిలో తీపినీళ్ళు పితికిన పాలంత వెచ్చబడ్డాయి. గిన్నెలో పొంగిన ఈస్టుని పొయ్యడానికి మామగారు రెండు చేతులా ఎత్తారు, ఎత్తి ఆగారు.

"పోసేటప్పుడు అరవాలి. ఎంత గట్టిగా అరిస్తే బీరు అంత గట్టిగా ఉంటుంది. కిందిళ్ళకి వినపడాలి." అరవబోయారు. గొంతులోంచి గాలీ దగ్గూ తప్ప రాలేదు. "నువ్వు అరువు."

"మా వైపు ఎవరూ అరవరు మామయ్యా."

"మీ వైపు బీరూ కాయరుగా. అరువు."

"ఏమని అరవాలి?"

"నోటికేదొస్తే అది."

ఆయన గిన్నె వంచారు. తలుపు తెరిచే ఉంది. బయట మంచు, అవతల కొండ. నేను నోరు తెరిచాను. భోజనం వేళ దాటిపోయినా పొలంలోంచి రానివాణ్ణి పిలిచే పిలుపు ఒకటి ఉంటుంది, మొదట్లో సాగి చివర్న విసుగు ఉండేది. అదే వచ్చింది. "ఐవిం...ద్!" అని. అవతలి కొండకి తగిలి సగం పేరు వెనక్కొచ్చింది. మామగారు చివరి బొట్టు దాకా పోశారు.

"చాలు" అన్నారు. "గట్టిగానే ఉంటుంది." తొట్టి మీద మూత సర్ది, పైన దుప్పటి కప్పారు.

తోమస్ పండుగనాడు హెర్బోర్గ్ వచ్చింది, మిక్కెల్ వచ్చాడు. చెక్కగిన్నె చేతులు మారింది. "నీ అరుపుకి మా కోళ్ళు గుడ్లు మానేశాయే పిల్లా" అంది హెర్బోర్గ్. అంటూనే నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఎవరి పేరు అరిచానో ఆవిడకి వినపడే ఉంటుంది. మిక్కెల్ మూడు గుక్కలు తాగి, "ఇదీ అసలైనది! నాకూ కాస్త ఇవ్వండి, నాది పులిసినట్టుంది" అన్నాడు. అడిగినవాళ్ళకి లేదనకూడదు కాబట్టి ఇచ్చాం.

వాళ్ళు వెళ్ళాక చొక్కాలో మిగిలింది తీసి చూశాను. వీపు, కాలరు, పట్టీలు పోయిన చేతులు. ఇల్లంతా నారింజ వాసన వేస్తుంటే దానికంటూ వేరే వాసన ఏమీ తెలియలేదు. చెమట వాసన కోసం వెతికాను. కాలరు లోపల వెతికాను, చంకల దగ్గర వెతికాను. ఈస్టు తిరిగొచ్చింది, మనిషి రాలేదు. రాడని నాకు అప్పుడు తెలిసింది, ఫిబ్రవరిలో కాదు.

మామగారు తొట్టి అడుగు మడ్డిలో దండ ముంచుతుంటే, నేనా చొక్కా పట్టుకెళ్ళి ఆయనకిచ్చాను. అదీ ముంచారు. ఆరాక సుత్తి పట్టుకుని అటకెక్కి, దండ పక్కన ఇంకో మేకు కొట్టి తగిలించారు. కిందకి దిగుతూ నిచ్చెన మధ్యలో ఆగారు.

"దీన్ని మాత్రం ఉతక్కు అమ్మాయ్."

"ఉతకను మామయ్యా."

చెల్లెలికి రాసిన ఉత్తరం పొయ్యిలో వేసేశాను. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆయనా నేనూ ఆ ఇంట్లో ఉన్నాం. మాటలు పెద్దగా పెరగలేదు గానీ, డిసెంబరులో మాత్రం ఒక పూటంతా మాట్లాడుకునేవాళ్ళం, మోచేతులు తొట్టిలో పెట్టి. ఇప్పుడు ఆయనా లేరు. కిందింట్లో హెర్బోర్గ్ లేదు, ఏటి అవతల మిక్కెల్ ఇంటి పైకప్పు కూలిపోయింది. తోమస్ పండుగకి వచ్చి రుచి చూసేవాళ్ళు లేరు. అయినా కాస్తాను. ఈస్టు పోసేముందు తలుపు బార్లా తెరిచి, కిందిళ్ళకి వినపడేంత గట్టిగా అరుస్తాను. మొదట్లో ఒక పేరే అరిచేదాన్ని. ఇప్పుడు రెండు అరుస్తున్నాను.